సుధా దీదీకి నేనిచ్చిన మొదటి ర్యాంకు

పొగిడి మనిషిని ఉబ్బేయడం చాలామందికి వచ్చు. పొగిడి ఒక పేట మొత్తానికి నీళ్లు లేకుండా చేయబోయినవాణ్ణి మాత్రం, నాకు తెలిసి, నేనొక్కణ్ణే.

అప్పుడు నాకు ఉద్యోగం లేదు, ఫోనుంది. బంగాళాఖాతంలోని మా దీవుల రాజకీయాల మీద ఫేస్‌బుక్కులో, బ్లాగుల్లో రాసేవాళ్లందరికీ ర్యాంకులిస్తానని ప్రకటించేశాను. నన్నెవరడిగారంటారా? ఎవరూ అడగలేదు. వారం వారం ప్రభుత్వాన్ని కూలగొట్టే ఒకాయనకు మూడో స్థానం ఇచ్చాను. వాక్యానికి బదులు ప్రశ్నార్థకాలు పెట్టే ఇంకొకాయనకు రెండు. ఒకటో స్థానం మాత్రం మిన్నీ బేలో ఉండే హిందీ టీచరు సుధా దీదీది. ఆవిడ రాసింది చదువుతుంటే నాకు ఒళ్లు గగుర్పొడిచేది. పడుకుని చదవడం అపచారమనిపించి లేచి కూర్చునేవాణ్ణి. అరుపుల్లేవు, తిట్లు లేవు, అయినా ఆఫీసర్లు ఉలిక్కిపడేవారు. ఆ రోజుల్లోనే మా డిగ్నాబాద్ పేటలో కుళాయిలు ఎండిపోతున్న సంగతి వరసగా రాస్తోంది. పేటంతా ఆ వ్యాసాల మీదే ఆశ పెట్టుకుంది.

అంతటి మనిషిని బజారు హిందీలో పొగడడం మర్యాదా చెప్పండి? నాది తెలుగు మీడియం. నా హిందీ అంతా జెట్టీ దగ్గర ఏరుకున్నదే. 'దునియా' అంటే మరీ చౌకగా ఉంటుందనీ, సంస్కృతం మాటలు ఎక్కడైనా ఒకటే కదా అనీ ధైర్యం చేసి, ఆవిడ ప్రతి వ్యాసంలో ప్రపంచమంతా కనిపిస్తుందని చెప్పడానికి ఇలా రాశాను: "దీదీ కే హర్ లేఖ్ మే పూరా ప్రపంచ్ హై."

హిందీలో ప్రపంచ్ అంటే మోసం, కపటం అని సాయంత్రానికల్లా ఊళ్లో సగం మంది నాకు బోధించారు. ఇకమీదట రాయనని దీదీ ఒక్క ముక్క పెట్టి ఊరుకుంది. నీళ్ల వ్యాసం సగంలో ఆగిపోయింది.

చేపలమ్మి వచ్చిన మా అమ్మ తట్ట దించకుండానే అడిగింది. "ఏట్రా, ఆ దీదీ మోసగత్తెని రాసినావంట?"

"పొగిడానే అమ్మా."

"నువ్వు పొగిడితేనే ఇలాగుంది. నీళ్లు రాకపోతే ఆ ఫోను పిండుకుని తాగుతావేటి? ఎల్లి కాళ్లట్టుకో."

వెళ్లాను. ఆవిణ్ణి ఎదురుగా చూడడం అదే మొదలు. చిన్న మనిషి, పెద్ద కళ్లద్దాలు. గుళ్లో నిలబడ్డట్టు చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. తెలుగులో ప్రపంచమంటే దునియా అని నసిగి నసిగి చెప్పాను.

"తో దునియా హీ లిఖ్ దేతే, బేటా," అంది చల్లగా, ఆ దునియా అనే రాసి ఉండొచ్చుగా అని.

తప్పు నాదే, ఏ శిక్షయినా వేయండి అనాలి. 'సజా' అన్న మాట నాకు తెలుసు. కానీ భయంలో మా ఇంటి మాటే ఊడిపడింది. "దీదీ, ముఝే శిక్షా దీజియే."

ఆవిడ ముఖం విప్పారింది. హిందీలో శిక్ష అంటే చదువట. ఇంత వినయంగా చదువు చెప్పమని తననెవరూ అడగలేదట.

"ఠీక్ హై. కల్ సే ఆ జావో. వ్యాకరణ్ సే షురూ కరేంగే." రేపట్నుంచే రావాలట, వ్యాకరణంతో మొదలట.

మర్నాడు నీళ్ల వ్యాసం వచ్చింది, కొన్నాళ్లకు నీళ్లూ వచ్చాయి. నేను మాత్రం ఏడాది పొడుగునా హిందీ వ్యాకరణం వల్లించాను. శిక్షకు రెండు భాషల్లోనూ అర్థం ఒకటేనని అక్కడే నాకు బోధపడింది.

కనుక బంగాళాఖాతం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఎవరికీ ర్యాంకులివ్వను. మరీ పొగడాలనిపిస్తే 'బహుత్ అచ్ఛా' అని రాసి, వెంటనే ఫోను అమ్మ చేతికిచ్చేస్తాను.