జఫర్‌గఢ్ పొలంలో పూడ్చిన బావి

ఉద్యోగకాలమంతా నేను ఇంజినీరుగా భూపాలపల్లి వైపు బోర్లు వేయించాను. అక్కడ నేల కింద ఇసుకరాయి పొరలు పొరలుగా ఉంటుంది. ఆ రాయి నీళ్లు పీల్చి పట్టుకుంటుంది, అందుకే చాలాచోట్ల లోతుకు పోయినకొద్దీ నీళ్లు పెరిగేవి. పడమటికి, వరంగల్ దాటి జనగామ దిక్కు వస్తే ఆ పొరలు ఉండవు. తూర్పున గోదావరి పల్లం, దక్షిణాన కృష్ణా ఒడ్డు పల్లం, రెండింటి నడుమ అడుగున ఉండాల్సిన గట్టిరాయే విశాలంగా పైకి లేచి ఉంది. దాని మీద ఒకప్పుడు ఏం పేరుకున్నా, వానలకు ఎప్పుడో కొట్టుకుపోయింది. మిగిలింది పైన కొంత మొరం గరుసు, కింద గట్టిరాయి. నీళ్లుంటే ఆ మొరంలోనే, లేదా రాతి పగుళ్లలో. ఇదంతా నాకు తెలుసు.

జఫర్‌గఢ్ దగ్గర మా అక్క పొలంలో పాత బావి ఉండేది. రెండేళ్ల కింద బావ కంటి ఆపరేషన్‌కు వరంగల్ దవాఖానలో ఉన్నప్పుడు, బోరు వేయిద్దామని నేను పట్టుబట్టాను. బావి సరిగ్గా పొలంలోకి పోయే ఇరుకు బాటను ఆనుకునే ఉంది. అది పూడిస్తే తప్ప బోరుబండి పొలంలోకి రాదు.

"బాయి పూడుసుడేందిరా? ఎండకాలంల గూడ రెండు మళ్లు పారుతయి దీంతోని," అన్నది అక్క.

"రెండు మళ్లేందక్కా, పొలమంత పారిస్త. నా సర్వీసుల ఎన్ని బోర్లేయించిన్నో నీకెరుకేనా?"

రెండు రోజుల్లో బావి పూడిపోయింది.

నూటయాభై అడుగుల దగ్గర డ్రిల్లరు బండి దిగి వచ్చాడు. "సార్, గీడ నీళ్లుంటే పైపైనే. ఇగ కిందికి పోతే దుబ్బే."

"నాకు నేర్పుతున్నవా? పోనియ్యి."

నాలుగు వందల దాకా పోనిచ్చాను. తెల్లటి రాతిదుమ్మే లేచింది. గట్టు మీద నిలబడ్డ అక్క తలంతా తెల్లబడింది.

వారానికి బావ వచ్చాడు. "బాయేదే?" అన్నాడు. అక్క నోరు తెరిచేలోపు నేనే, "అక్కనే పూడిపిద్దామన్నది బావా," అన్నాను. ఆమె నా మొహం చూసింది. కాదనలేదు. ప్రతి బోరు లోతూ, రాయి రంగూ డైరీలో రాసుకునే నేను, ఈ బోరుకు మాత్రం "నీరు పడలేదు" అని రెండు ముక్కలు రాసి మూసేశాను.

ఆ యాసంగిలో, నీళ్లు లేక, రెండో పంట వరి పొట్ట మీదే ఎండింది. నేను వెళ్లినప్పుడల్లా బావ, "మా ఇంట్ల పెద్దింజినీరున్నది, బాయిలు పూడుస్తది," అని అందరి ముందూ అనేవాడు. అక్క చాయ్ పోస్తుంటే, నేనూ అందరితో కలిసి నవ్వేవాణ్ణి.

మొన్న ఇక ఉండలేక చెప్పాను. "బావా, బాయి పూడిపిచ్చింది నేను. అక్క వద్దనే అన్నది."

బావ బీడీ ఆర్పాడు. "నాకెరుకలేదా? మీ అక్క గా బాయిల తట్టెడు మన్ను గూడ పడనియ్యదు. ఇంజినీరన్నది దాన్ననుకున్నవా? నిన్నే అన్న. ఎప్పటికన్నా చెప్తవేమోనని."

బియ్యం చెరుగుతున్న అక్క తల ఎత్తలేదు. "రెండేండ్లు పట్టిందిరా నీకు," అన్నది.

ఈ వారం వాళ్లు కొత్త బావి తవ్విస్తున్నారు. ఎక్కడ తవ్వాలో నన్ను అడగలేదు.