అలారంలో లేని బ్యాటరీలు

ఆరేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. తూకం వేస్తే యాభై గ్రాములు కూడా ఉండదు. రెండు పెన్సిల్ బ్యాటరీలు. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కనుకనే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పుడు మా కాపురం ఇంగ్లండులో, కేంబ్రిడ్జ్‌కు పన్నెండు మైళ్ల దూరంలోని చిన్న ఊళ్లో. పాప పుట్టి పందొమ్మిది రోజులు. పురిటి సాయానికి తెనాలి నుంచి అత్తయ్యగారు వచ్చారు. జనవరి గాలివానకు తీగలు తెగి కరెంటు పోయింది. ఇంటిని వెచ్చబరిచే మా బాయిలర్ గ్యాసుతో నడిచేదే. కానీ వేడినీటిని గదుల్లోని రేడియేటర్లకు తోసే పంపుకు కరెంటు కావాలి. రెండో రోజు ఉదయానికి హాల్లో పదకొండు డిగ్రీలు. కిటికీల సందులన్నిటికీ టేపు అంటించాను. గోడల గుండా వేడి ఎంత వేగంగా పోతోందో కాగితం మీద లెక్క కట్టాను. నా ఉద్యోగం సెన్సర్లను పరీక్షించడం.

ఆ ఉదయమే, కరెంటు ఎప్పుడొస్తుందో వార్తల్లో విందామని, హాలు గోడకున్న కార్బన్ మోనాక్సైడ్ అలారంలోంచి బ్యాటరీలు తీసి రేడియోలో వేశాను. గ్యాసో బొగ్గో సరిగా మండకపోతే పుట్టే ఆ విషవాయువుకు రంగూ వాసనా లేవు. ఇంట్లో దాన్ని పసిగట్టగలిగింది ఆ అలారం ఒక్కటే. బాయిలరే నడవనప్పుడు దానితో పనేమిటనుకున్నాను. అప్పటికి ఆ తర్కంలో తప్పు లేదు.

మధ్యాహ్నం అత్తయ్యగారు, వేసవిలో మిగిలిన బార్బెక్యూ బొగ్గుల సంచీ, ఒక ఇనుప మూకుడు పట్టుకొని గుమ్మంలో నిలబడ్డారు. పాపకు నీళ్లు పోసి సాంబ్రాణి వెయ్యాలి, బాలింతకు వెచ్చగా ఉండాలి. అదే ఆవిడ తాపత్రయం. నా భార్య మేడమీద నిద్రపోతోంది.

“బాబూ, కుంపటిలాగా ఇది హాల్లో పెట్టుకోవచ్చంటారా? మనిళ్లల్లో అయితే పెంకుల్లోంచి పోతుంది పొగ. ఇక్కడ మీరేమో చీమ దూరే సందు కూడా లేకుండా అంటించేశారాయె.”

“పెట్టుకోండి అత్తయ్యగారూ. గోడ మీద అలారం ఉందిగా. ఏమన్నా తేడా వస్తే అదే అరుస్తుంది.”

“మా మనవరాలి కంటే గట్టిగా అరుస్తుందా ఏంటి!” అని నవ్వుకుంటూ వెళ్లారు.

ఆ మాట అన్నప్పుడు బ్యాటరీల సంగతి నాకు గుర్తుందా? మరిచిపోయానని చెప్పుకోవచ్చు, చాలా ఏళ్లు అలాగే చెప్పుకున్నాను, కానీ ఆ బ్యాటరీలతో పలుకుతున్న రేడియో ఆ క్షణాన నా చేతిలోనే ఉంది, దాని శబ్దం తగ్గించి మరీ ఆవిడకు జవాబిచ్చాను. గుర్తు లేదా? గుర్తు తెచ్చుకోదలచుకోలేదా? ఈ రెంటినీ వేరుచేసే పరికరం నా దగ్గర లేదు.

వేడినీళ్ల సంచీలు కొనడానికి వెళ్లి గంటకు తిరిగొచ్చాను. కిందికి దిగి వచ్చిన నా భార్య సోఫాలో తల పట్టుకొని వాంతి చేసుకుంటోంది. పాప ఏడవడం లేదు; ఒళ్లు వేలాడుతోంది. అత్తయ్యగారు తూలుతూనే పాప అరికాళ్లు రుద్దుతున్నారు. ముగ్గురినీ పెరట్లోకి చేర్చి ఆంబులెన్సుకు ఫోన్ చేశాను. లోపలికి వెళ్లి తలుపులూ కిటికీలూ తెరిచాను. ఆ తర్వాత, గాలి మారుతుండగా, రేడియోలోంచి బ్యాటరీలు తీసి అలారంలో పెట్టాను. ప్లస్, మైనస్ గుర్తులు చూసుకొని మరీ పెట్టాను. అది కూడా చెప్పాలి.

ఫైర్ ఆఫీసరు వచ్చి అలారం మీట నొక్కాడు. కూసింది. పనిచేస్తూనే ఉందే, ఎందుకు మోగలేదో అన్నాడు. బొగ్గులు లోపల పెట్టవచ్చని ఆవిడకు ఎవరైనా చెప్పారా, అడగమన్నాడు. ఆంబులెన్సు మెట్టు మీద కూర్చున్న అత్తయ్యగారు ఆక్సిజన్ మాస్కు పక్కకు తీసి నా వైపు చూశారు.

“ఎవరూ చెప్పలేదనండి బాబూ. మా అల్లుడుగారికి తెలియదు, నేనే పెట్టానని చెప్పండి.”

ఆ అబద్ధాన్ని ఒక్క తప్పు లేకుండా ఇంగ్లిషులో చెప్పాను.

తల్లీబిడ్డా ఆసుపత్రి నుంచి మూడో రోజున క్షేమంగా ఇంటికొచ్చారు. “నీ నాటు పద్ధతులతో పిల్లని చంపేసేదానివమ్మా” అని నా భార్య అంటే అత్తయ్యగారు తల వంచుకున్నారు. తిరిగి వెళ్లేదాకా పాపకు నీళ్లు పోయలేదు. అల్లుడికి మాట రాకూడదన్నది ఆవిడ మర్యాద. ఆ మర్యాద వెనక నేను దాక్కున్నాను. బ్యాటరీల సంగతి ఆవిడకూ తెలియదు. అలారం ఉండి కూడా అరవలేదంటే తన చేతిలోనే ఏదో కీడు ఉందనుకుంటున్నారు.

వచ్చే నెల మాకు రెండో కాన్పు. నిన్న ఫోనులో, “నేను రానమ్మా, నా చెయ్యి మంచిది కాదు” అన్నారట. నా భార్య చాలాసేపు ఏడ్చింది. నేను పక్కనే కూర్చున్నాను.

చెబితే అత్తయ్యగారు క్షమించరేమోనని కాదు నా భయం. అడగకముందే క్షమించేస్తారని.

అలారంలోంచి బ్యాటరీలు తీసింది నేను. కుంపటి పెట్టేముందు అత్తయ్యగారు నన్ను అడిగారు. పెట్టుకోమన్నది నేను. తర్వాత ఎవరూ చూడకుండా బ్యాటరీలు తిరిగి పెట్టింది కూడా నేనే.

ఈ నాలుగు వాక్యాలూ ఇంతకుముందు ఏ భాషలోనూ రాయలేదు. మీకు రాశాక, ఊపిరి కొంచెం లోతుగా అందుతోంది. వాటినే మరో కాగితం మీద రాసి వంటింటి బల్ల మీద, నా భార్య టీ కప్పు పెట్టుకునే చోట ఉంచాను. ఆమె మెట్లు దిగుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆ కాగితాన్ని నేను తీయడం లేదు.