చప్పుడు లేని చైను

1996 జూన్‌లో నన్ను రాజమండ్రి నుంచి అమలాపురం మోటారు సైకిళ్ళ సర్వీసు సెంటరుకు సూపర్‌వైజరుగా వేశారు. ఏడుగురు మెకానిక్కులు, వాళ్ళ మీద హెడ్ మెకానిక్ సత్తిబాబు, అతని మీద నేను. ఏ బండికి ఏం చెయ్యాలో జాబ్ కార్డు మీద రాసి సంతకం పెట్టేది నేనే. కాబట్టి తప్పు జరిగితే ఎవరిదో వెతుక్కోనక్కర్లేదు.

ఆ బళ్ళకి చైను బయటికి కనపడేది కాదు. చుట్టూ రేకు కవరు, కవరుకి రబ్బరు మూత పెట్టిన చిన్న కంత. అందులో వేలు పెట్టి చైనును కదిపి ఎంత వదులుందో చూడాలి. కంపెనీ పుస్తకం ప్రకారం ఇంచుమించు అంగుళం ఆడాలి. అంత ఆడితే మన గతుకుల్లో కవరుకి కొట్టుకుని గలగలమంటుంది. రోజూ అదే ఫిర్యాదు. వెళ్ళిన నెలలోనే, అర అంగుళం చాలు, బిగించెయ్యండని ఆర్డరు వేశాను. "బుక్కులో అలా లేదు కదండీ," అని సత్తిబాబు గొణిగాడు. బుక్కు రాసినవాడు మన రోడ్లు చూశాడా అని నోరు మూయించాను. గలగల ఆగిపోయింది. ఓనరు గారు నలుగురిలో మెచ్చుకున్నారు. నేను కాలరెగరేసుకు తిరిగాను.

ఏడాది తిరిగేసరికి బళ్ళు వరస కట్టాయి. వెనక చక్రాన్ని తిప్పే స్ప్రాకెట్ పళ్ళు గాలం ముళ్ళలా వంగిపోయి వచ్చేవి. చక్రం మధ్య హబ్బులో రబ్బర్లు పొడి పొడి, బేరింగులు గరగర. ఏళ్ళ తరబడి రావాల్సిన సామాను నెలల్లో అరిగిపోతోంది. డూప్లికేట్ సామానన్నాను. ఉప్పుగాలి అన్నాను. ఆయిలు వెయ్యరు మీరు అని కస్టమర్ల మీద విసుక్కున్నాను. నన్ను తప్ప అందరినీ అనుమానించాను.

1997 నవంబరులో ఒక పొద్దున్న, కొబ్బరి వ్యాపారం చేసే రాజుగారి బండికి మూడో స్ప్రాకెట్ వేస్తున్నాం. అప్పుడే మా కస్టమరు యేసుదాసు మాస్టారు గేటు దగ్గర బండి ఆపారు. వెనక ఆయన భార్య, నర్సు మార్తమ్మ గారు. ఇద్దరి మధ్యా ఏడేళ్ళ పాప. రాజోలులో పెళ్ళికి వెళుతున్నారట. బండి ఎలా ఉందని అడిగాను. మాస్టారు కాస్త తటపటాయించి, "ఆయ్, ఏం లేదండీ, బాగుందండీ," అని వెళ్ళిపోయారు.

చైను బిగించి స్టాండు దింపగానే రాజుగారు తన రెండు కొబ్బరికాయల బస్తాలూ బండికి కట్టుకుని ఎక్కి కూర్చున్నారు. రబ్బరు మూత పెట్టడానికి వంగిన సత్తిబాబు అలాగే ఉండిపోయాడు.

"సార్, ఓసారి ఇలా రండి. చైను కదలట్లేదండీ."

నేను వేలు పెట్టాను. ఇనప ఊచ. స్టాండు మీద అర అంగుళం ఆడిన చైను, బరువు పడేసరికి గింజుకున్నా కదలలేదు. బరువుకి బండి వెనక భాగం దిగుతుంది. దిగినప్పుడు ఇంజనుకీ చక్రానికీ మధ్య దూరం పెరుగుతుంది. పుస్తకం వదలమన్న ఆ అంగుళం అందుకే. పళ్ళూ బేరింగులూ అరగ్గొట్టింది ఉప్పుగాలి కాదు, నేను.

ఆ వెంటనే మాస్టారు గుర్తొచ్చారు. పరుగున వెళ్ళి ఆయన జాబ్ కార్డు తీశాను. నాలుగుసార్లు బిగించాం. చైను బిగించే అడ్జస్టరు చివరి గీతకొచ్చేసింది, అంటే చైను సాగాల్సినంతా సాగిపోయింది. "కొత్త చైను వచ్చేదాకా నడుస్తుంది," అని కింద నా చేతిరాత. తెగిన చైను కవరులో చుట్టుకుంటే వెనక చక్రం ఉన్నపళంగా బిగుసుకుపోతుంది. బండి మీద ముగ్గురు. దారి కాలవ గట్టు.

సెంటరు బండి వేసుకుని బయల్దేరాను. గట్టు మీద ఎక్కడ నలుగురు గుమిగూడి కనిపించినా నెమ్మది చేసి తొంగిచూశాను. అంబాజీపేట దాటాక కనిపించారు. హారన్ మీద బొటనవేలు పెట్టి, తీసేశాను. నేను పిలిస్తే ఆయన కంగారుపడి చటుక్కున బ్రేకు వేస్తారు. ఆ కుదుపు చాలు. దగ్గరికి వెళ్ళేసరికి ఆ బండిలోంచి టక్, టక్ అని వినిపించింది. పలకకుండా వెనకే నడిపాను. ఎదురుగా తాటిపాక వైపు నుంచి లారీలు. గన్నవరం అక్విడక్టు వంతెన మీదకి ఎక్కినప్పుడు కింద గోదారి వైపు చూడలేకపోయాను. ఆ టక్కు ఒకటే వింటూ, ఆగకు, ఆగకు అని ఆ చప్పుడుతోనే పైకి అనేశాను.

అవతలి ఒడ్డున మాస్టారు తనంతట తానే మెల్లగా ఆపారు. పాప నిద్రలో ఒరిగిపోతోందట. నన్ను చూసి ఆశ్చర్యపోయారు. నేను స్క్రూలు తీసి కవరు విప్పాను. చైనులో ఒక లంకెకు బయటి రేకు పూర్తిగా తెగిపోయి ఉంది. లోపలి రేకు ఒక్కటే పట్టుకుని ఉంది.

"వారం నించీ చప్పుడొస్తందండీ," అన్నారు మాస్టారు మెల్లగా. "చెప్దామనే పొద్దున్న ఆగేను. మొన్నే బిగించేరు, మళ్ళీ వంక పెడితే ఏమనుకుంటారోనని..."

"నేను చెప్పమంటానే ఉన్నానండీ," అన్నారు మార్తమ్మ గారు, పాపని భుజాన వేసుకుంటూ.

తప్పు నాదేనండీ అని చెప్పాను. ఆ మాట ఆ ఏడాదిలో మొదటిసారి అన్నాను. వాళ్ళని రాజోలు బస్సెక్కించి, తిరిగొచ్చి, నా సంతకమున్న కార్డులన్నీ తీసి, బళ్ళు తీసుకురమ్మని కస్టమర్లకి ఉత్తరాలు రాశాం. ఒక్కటి తప్ప అన్ని బళ్ళూ వచ్చాయి. ఆ ఒక్కటీ చేతులు మారింది. కొన్నదెవరో తేలలేదు. అది ఏమైందో నాకిప్పటికీ తెలియదు.

ఆ తరవాత మా సెంటరులో రెండు పద్ధతులు పెట్టాను. చైను సర్దాక స్టాండు దింపి, బండిగలాయన్ని ఆయన మోసే బరువుతో సహా కూర్చోబెట్టి, అప్పుడు వేలు పెట్టి చూడాలి. రెండోది, బండి ఎలా ఉందని రెండుసార్లు అడగాలి. మొదటిసారికి కోనసీమలో ఎవరైనా "ఏం లేదండీ" అనే అంటారు.