భూపాల్ విప్పలేని ఫైళ్లు

నాంపల్లిలో ఒక సర్కారు ఆఫీసు. అందులో భూపాల్ పదేళ్లుగా కాంట్రాక్టు మీద కంప్యూటర్ పని చేస్తున్నాడు. ఆఫీసులో అందరూ అతన్ని పర్మనెంటు మనిషిలాగే చూసుకుంటారు, జీతాల రోజున తప్ప.

ఎట్టకేలకు అదే ఆఫీసులో ఆపరేటర్ పోస్టు ఒకటి పడింది. ఎక్కువ మార్కులు ఎవరివైతే వాళ్లదే పోస్టు. భూపాల్‌కు వచ్చే ఏడు వయసు దాటిపోతుంది కాబట్టి ఇదే ఆఖరి అవకాశం. పరీక్ష బాగానే రాశాడు. పాసైనవాళ్లు సర్టిఫికెట్లన్నీ ఒకే ఫైలుగా కుదించి వెబ్‌సైట్‌లో పెట్టాలన్నారు. ఆ ఫైళ్లు విప్పే ప్రోగ్రాము భూపాలే రాశాడు. అభ్యర్థి చేత ఆ పని చేయించకూడదని ఎవరికీ తోచలేదు. తోచినా చేసేవాడు వేరే లేడు.

అతని ప్రోగ్రాము జిప్ ఫైలైతే విప్పుతుంది. ఇంకే రకం ఫైలు వచ్చినా ‘సర్టిఫికెట్లు జతచేయలేదు’ అని రాసేసి ముందుకు పోతుంది. కుదించడమంటే లోకమంతా జిప్ చేయడమేనని అతని నమ్మకం. ప్రకటనలో ఆ ముక్క రాయాలని కూడా అనుకోలేదు.

ఆ పనిలో పడి సొంత సర్టిఫికెట్లు పెట్టే తీరిక అతనికి చిక్కలేదు. భార్య స్నేహలత గన్‌ఫౌండ్రీలో నెట్ సెంటర్‌కు పోయి పెట్టించింది. అక్కడివాడు సైజు ఇంకా తగ్గుతుందని రార్ అనే వేరే రకం ఫైలు చేసి పెట్టాడు.

వెబ్‌సైట్‌లో జాబితా వచ్చింది. సర్టిఫికెట్లు జతచేయనివాళ్లలో భూపాల్ ఉన్నాడు.

ఆఫీసరు వసుమతి మేడం పిలిచింది. “ఏంది భూపాల్, సర్టిఫికెట్లు పెట్టలేదా?”

“పెట్టిన మేడం. నా ప్రోగ్రామే విప్పలే.”

“గట్లయితే నీదొక్కటి చేత్తోని విప్పి కలుపు. ఎవరడుగుతరు?”

ఎవరూ అడగరని అతనికీ తెలుసు. సీటుకు వచ్చి తన ఫైలు వెతికాడు. దాని పైనా కిందా ఇంకొందరి రార్ ఫైళ్లున్నాయి. వాళ్లూ ఏదో నెట్ సెంటర్లో పెట్టించినవాళ్లే అయి ఉంటారు. భూపాల్‌కు తన మీద తనకే ఒళ్లు మండింది. అబిడ్స్ దాకా నడిచి ఛాయ్ తాగి వచ్చాడు. వచ్చి, ప్రోగ్రాముకు రార్ విప్పడం నేర్పాడు. అప్పటికీ విప్పలేని రకమేదైనా ఉంటే, ‘లేవు’ అనకుండా ‘మాకు విప్పడం రాలేదు, మళ్లీ పంపండి’ అని కబురు పోయేలా మార్చాడు.

“అందరియి విప్పిన మేడం.”

“అందరియా? పిచ్చోనివా?”

“ఔ మేడం.”

కొత్త జాబితాలో భూపాల్ రెండోవాడు. రార్ ఫైళ్లలోంచే బయటపడ్డ సిద్ధార్థ్ మొదటివాడు. పోస్టు ఒక్కటే. ఆ రాత్రి స్నేహలత అతని సర్టిఫికెట్లను తిరిగి బీరువాలో పెట్టేసింది.

తర్వాతి నెల సిద్ధార్థ్ వచ్చి చేరాడు. మేడం అతన్ని భూపాల్ పక్కన కూర్చోబెట్టి, పని నేర్పమంది.

“మొదలు నా సర్టిఫికెట్లు లేవని పెట్టిన్రు అన్నా,” అన్నాడు సిద్ధార్థ్. “గా ప్రోగ్రాము రాసినోడెవడో ఒట్టి పాగల్‌గాడు.”

“నేనే,” అన్నాడు భూపాల్. “కుర్చీ జర ఇటు జరుపు. ఇగ నుంచి నువ్వే రాయాలె.”