తాత మీసం, దొర పియానో

ఆ రోజుల్లో నాకు మీసం రాలేదు కానీ నోరు మాత్రం పూర్తిగా వచ్చేసింది. ఎవరైనా గొప్పగా ఓ కథ మొదలెడితే, దాని గాలి తీసేదాకా నాకు అన్నం సహించేది కాదు. మా ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ గాలి ఉన్న కథ పియానోది. అద్దంకి దగ్గర మా ఊళ్ళో, మిరపకాయల బస్తాలకీ పురుగుమందు డబ్బాలకీ మధ్య, నిలువెత్తు నల్ల పియానో ఒకటి గోడకి ఆనుకుని ఉండేది. దాన్ని ఎవరూ వాయించేవాళ్ళు కాదు (పిల్లి మీద నుంచి నడిచేది, అంతే). గుంటూరులో పొగాకు వ్యాపారం చేసే దొరని మా ముత్తాత పాము బారినుంచి కాపాడాడనీ, దొర దేశం వదిలి వెళ్తూ దాన్ని కానుకగా ఇచ్చాడనీ తాత చెప్పేవాడు. చెప్పినప్పుడల్లా పాము ఒక మూర పెరిగేది.

"తాతా, పోయినేడు అది కట్లపాము కదా, ఇప్పుడు తాచెట్లా అయింది?" అన్నాను ఓ రోజు, చుట్టాలందరి ముందూ.

తాత చెయ్యి మీసం మీదకి పోయింది. కొసలకి నూనె రాసి పైకి దువ్విన ఆ మీసాన్ని చూసి మా ఊళ్ళో కుక్కలు కూడా పక్కకి తప్పుకునేవి. "ఒరేయ్, దొర ఇచ్చింది కాదని తేలితే ఈ మీసం తీసేస్తా. ఇచ్చిందేనని తేలితే నువ్వేం చేస్తావో చెప్పు!"

"కల్లంలో కూర్చుని రోజంతా మిరపకాయల తొడిమలు తీస్తా."

చుట్టాల్లో ఒకాయన కబురు పెడితే, మూడోరోజు గుంటూరు నుంచి హార్మోనియాలు బాగుచేసే మాస్టారు దిగాడు. పియానో పైమూత ఎత్తి, లోపల ఇనప చట్రం మీదున్న నంబరు ఫొటో తీసి, చెన్నైలో తెలిసినవాళ్ళకి పంపాడు. కాసేపటికి జవాబొచ్చింది. "నూరేళ్ళు దాటిందంటండీ. లండన్లో చేసిందంట." తాత మీసం మెలేశాడు. చుట్టాలు నన్ను చూసి నవ్వారు. "వయసు సరేనండీ, ఇచ్చిందెవరు?" అన్నాను. మాస్టారు కింది పలక ఊడదీశాడు. ముందు ఓ గుడ్డమూట పడింది, విప్పితే ఎప్పటివో విత్తనపు మిరపకాయలు. "ఓరి నాయనో, అవి పోయాయని అప్పట్లో ఊరందర్నీ తిట్టానే!" అంది నాయనమ్మ. పలక వెనక పసుపెక్కిన కాగితం అతికించి ఉంది. మాస్టారు కళ్ళజోడు మర్చిపోయొచ్చాడు. ఇంగ్లీషు వచ్చినవాణ్ణి నేనే కాబట్టి కాగితం ఊడదీసి నా చేతిలో పెట్టారు.

అది దొర బంగళా సామాన్ల వేలం రసీదు. "పియానో ఒకటి" అని ఇంగ్లీషులో. కింద గుండ్రటి తెలుగులో "బీరువా ముట్టింది" అని రాసి సంతకం. ముత్తాతది కాదు, తాతది! విత్తనాలు దాచడానికి బీరువా కొనుక్కురమ్మని ముత్తాత పంపితే, పడుచు తాత మూత కూడా ఎత్తి చూడకుండా వేలంపాట పాడి, ఎద్దుల బండి మీద వేసుకొచ్చాడన్నమాట. (ఆ గతుకుల్లో అద్దంకి దాకా బీరువా మోగుతూనే వచ్చి ఉంటుంది.)

తల ఎత్తాను. నాలుక చివర మాట సిద్ధంగా ఉంది. తాత నన్ను చూడటంలేదు, కాగితాన్నే చూస్తున్నాడు. చెయ్యి మీసం మీదే ఉంది కానీ మెలేయడంలేదు. తిరునాళ్ళలో పిల్లాడి చెయ్యి పట్టుకున్నట్టు గట్టిగా పట్టుకుని ఉంది.

"ప్రాణం కాపాడినవారికి ప్రేమతో, దొర," అని చదివాను. అక్కడితో ఆగొచ్చుగా? "పాము సంగతి కూడా రాశాడు. తాచేనంట." కాగితం మడిచి జేబులో పెట్టేసుకున్నాను.

మర్నాడు పొద్దున్నే కల్లంలో తొడిమలు తీస్తూ, ఆ చేత్తోనే కన్ను నలుపుకుని, కూలికొచ్చిన అక్కలు పడీపడీ నవ్వుతుంటే ఏడుస్తున్నాను. పక్కన ఎవరో వచ్చి గొంతుక్కూర్చున్నారు. మంట తగ్గాక చూసినా గుర్తుపట్టడానికి కాస్త టైం పట్టింది. మీసం లేదు.

"ఏంది తాతా ఇది?"

"ఉక్కపోతగా ఉందిలేరా." గుప్పెడు కాయలు ముందుకి లాక్కుని తొడిమలు తీయసాగాడు. కాసేపటికి గొంతు తగ్గించి, "ఆ మూతేదో ఎత్తి చూడాల్సిందిరా," అన్నాడు.

ఇప్పుడా పియానో గుంటూరులో నా ఫ్లాటుకొచ్చింది. చూసినవాళ్ళు అడిగితే దొర కథే చెబుతాను. నా హయాంలో పాము ఇంకో రెండు మూరలు పెరిగింది. మొన్న ఎనిమిదేళ్ళ మేనకోడలు, వచ్చినవాళ్ళందరి ముందూ, "మామయ్యా, పోయినసారి దానికి ఒక్క పడగే అన్నావుగా?" అంది. నా చెయ్యి దానంతటదే మీసం మీదకి పోయింది.

పందెం మాత్రం కట్టలేదు.