చెరువు కట్ట మీద నేను దాచిన మాట

ఆ కథ మా ఇంటిదని నేను చెప్పలేదు. అడగాల్సినవాళ్లు అడిగారు. నేను చెప్పలేదు. ఆ ఒక్క మాట పదకొండేళ్లుగా నాతో తిరుగుతోంది. మీరెవరో నాకు తెలియదు. తెలియనివాళ్లకు చెప్పడం తేలికని మీ దగ్గరికి రాలేదు. తెలిసినవాళ్లకు చెప్పేటప్పుడు నేను నా వైపు కొంచెం ఒరిగి చెబుతాను. మీ దగ్గర ఒరిగినా లాభం లేదు.

నేనూ శ్రీశైలమూ మేడ్చల్ వాళ్లం. ఇద్దరం సినిమాల్లో రాత పనికి వెళ్లాం. నేను ముందు, అతను ఆరేళ్ల తర్వాత. అతన్ని మొదటిసారి ఒక సినిమా ఆఫీసుకు తీసుకెళ్లింది నేనే. ఎవరూ అడక్కపోయినా ఈ సంగతి చెప్పేవాణ్ణి.

అప్పట్లో మాకొక పని దొరికింది. వెనకటి నలుపు తెలుపు డిటెక్టివ్ సినిమా ఒకదాన్ని ఈ కాలానికి మార్చి రాయాలి. టోపీ, పొడుగు కోటు, నోట్లో సిగరెట్టు, ఎవర్నీ నమ్మని ఒంటరి మనిషి. పెద్దింటి ఆడమనిషి ఒకామె వచ్చి, అబద్ధం చెప్పి, పని అప్పజెబుతుంది. అతను దెబ్బలు తిని నిజం తెలుసుకుంటాడు. తెలిశాక ఎవరికీ సంతోషం ఉండదు. నిర్మాత షామీర్‌పేటలో భూములూ వెంచర్లూ ఉన్న పెద్దమనిషి. అందరూ పటేల్ అనేవాళ్లు. శ్రీశైలం దర్శకుడు. నాది రచనా సహకారం.

సహకారం. ఆ మాటను చాలాసేపు చూస్తూ కూర్చున్న రోజు గుర్తుంది.

నాలుగు నెలలు ఆ డిటెక్టివ్‌తో కుస్తీ పట్టాను. ప్రతి చేతిలో ఫోను, ప్రతి మూలా కెమెరా ఉన్న కాలంలో, కారులో కూర్చుని ఎవరినో కనిపెట్టే మనిషితో ఏం పని? నాకు తెగలేదు. శ్రీశైలం ఒక పొద్దున టీ తాగుతూ తేల్చేశాడు. మనవాడు మేడ్చల్ బస్సు డిపో దగ్గర జిరాక్స్ షాపు మీది గదిలో ఉంటాడు, పెళ్లి సంబంధాలకు ఎంక్వైరీలు చేస్తాడు, మనుషుల వెంట కాదు, కాగితాల వెంట పడతాడు అన్నాడు. ఫోనులో ఉన్నది చెరిపేస్తారు. కానీ ఏ పొలం ఎవరిది, ఎవరు దున్నుతున్నారని ఏటేటా రాసే పహాణీ నకలు ఎక్కడో ఒకచోట మిగిలే ఉంటుంది కదా.

బాగుందన్నాను. ఆ మాటను ఎంత చిన్న గొంతుతో అనవచ్చో అంత చిన్న గొంతుతో అన్నాను.

ఇక కథకు నేరం కావాలి. అది నేనిచ్చాను. మా అత్త, అంటే మా బాపు చెల్లెలు, భర్త పోయి పుట్టింటికి వచ్చింది. తాత ఇచ్చిన రెండెకరాలు దున్నుకునేది. పింఛను కాగితమని చెప్పి బాపు ఆమెతో వేలిముద్ర వేయించాడు. మరుసటి ఏడు పహాణీలో ఆమె పేరు లేదు. ఇది మా బాపు చేసిన పనని ఎవరికీ చెప్పొద్దని శ్రీశైలంతో చేతిలో చెయ్యి వేయించుకున్నాను. వేశాడు.

పటేల్ ఫారంహౌసులో కథ వినిపించే రోజు వచ్చింది. మా రంగంలో నిర్మాత కథ చదవడు, వింటాడు. దర్శకుడే నోటితో చెప్పాలి. నవ్వులూ ఏడుపులూ, తలుపు చప్పుడు కూడా తనే చేయాలి. శ్రీశైలం చెప్పాడు. డిటెక్టివ్ ఇరవై ఏళ్ల పహాణీ నకళ్లు నేల మీద వరసగా పరుస్తాడు. మోకాళ్ల మీద పాకుతూ ఒక్కో ఏడూ ఆ చెల్లెలి పేరు వెతికి చదువుతాడు. లక్ష్మమ్మ. లక్ష్మమ్మ. లక్ష్మమ్మ. తర్వాతి కాగితంలో లేదు. శ్రీశైలం ఆ లేనిచోట వేలు పెట్టి ఆగాడు.

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అత్త కోసమా? అలాగే అనుకోవాలని చాలా ప్రయత్నించాను. కాదు. నా ఇంట్లో, నా కళ్ల ముందు జరిగినదాన్ని ఏళ్ల తరబడి దగ్గర పెట్టుకుని నేను ఒక్క సీను కూడా చేయలేకపోయాను. వాడు నా నోటివెంట ఒకసారి విని, మూడు వారాల్లో, మా అత్తను నాకంటే బాగా తెలిసినవాడిలా నిలబెట్టాడు. ఈ సినిమా ఆగిపోతే బాగుండుననిపించింది. అప్పుడే, అక్కడే అనిపించింది.

భోజనాలయ్యాక పటేల్ నన్నొక్కణ్ణే షామీర్‌పేట చెరువు కట్ట మీదికి నడిపించాడు.

"ఏం రైటరూ, గా అన్నాచెల్లెల ముచ్చట మీవోనికి ఎవరు చెప్పిన్రు?"

"ఏ ముచ్చట పటేలా?"

"ఏందయ్యా, తెల్వనట్టు మాట్లాడ్తవ్! మా అన్న మా చెల్లెతోని ఏలిముద్ర ఏయించుకున్నది ఊరంత ఎర్కే. గిప్పుడు నాతోనే సిన్మ తీయించి మా ఇజ్జత్ తెర మీదికెక్కిస్తడా మీవోడు?"

నిజానికి నవ్వొచ్చింది. ఈ చుట్టుపక్కల భూములకు రెక్కలొచ్చాక ఇలాంటి వేలిముద్ర లేని ఇల్లేది? ఎవరు విన్నా తమ ఇల్లే అనుకుంటారు. అది మీ ఇల్లు కాదు పటేలా, మా ఇల్లు అంటే అయిపోయేది. ఆ మాట నాలుక మీదికి వచ్చింది కూడా.

"నాకేం ఎర్క పటేలా. రాసింది ఆయన. ఆయన్నే అడుగుండ్రి."

"మరి నువ్వు పక్కన కూసోని ఏం జేసినవ్? పల్లీలు తిన్నవా?"

నేను నవ్వాను. అవును, నవ్వాను.

గదిలోకి వచ్చాక పటేల్ అందరి ముందూ శ్రీశైలాన్ని అదే అడిగాడు. అతను నా వైపు ఒక్కసారి చూశాడు. నేను మంచినీళ్ల గ్లాసు అందుకున్నాను. "ఊహించి రాసిన పటేలా," అన్నాడు. ఎంత గద్దించినా ఆ మాట మార్చలేదు. నాకిచ్చిన మాట అది. సినిమా ఆ సాయంత్రమే ఆగిపోయింది. ఇళ్లలో సంగతులు ఎత్తుకుపోయి రాస్తాడని అతనికి పేరు పడింది. మళ్లీ ఏ నిర్మాతా పిలవలేదు. కట్ట మీద నన్ను ముందే అడిగారన్న సంగతి మాత్రం అతనికి తెలియదు.

కొన్ని నెలలు నాకు సంతోషంగానే ఉంది. ఆ తర్వాత ఒక కారణం కావలసి వచ్చింది. తండ్రి పరువు కోసం కొడుకు మౌనంగా ఉన్నాడు అని చెప్పుకున్నాను. బాగానే పనిచేసింది. కానీ బాపు పోయి ఆరేళ్లయింది. మరి ఈ ఆరేళ్లూ ఎవరి పరువు కోసం?

శ్రీశైలం ఇప్పుడు మేడ్చల్‌లో దస్తావేజులు రాస్తాడు. పోయిన నెల ఒక పొద్దున, అతని గదిలో ఇంకెవరూ లేనప్పుడు వెళ్లాను. కట్ట మీద జరిగినదంతా చెప్పాను. అతను కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"బాపు ఇజ్జత్ కోసం ఊకున్నవ్ అన్నా. ఎవడైనా గంతే జేస్తడు. నడువ్, చాయ్ తాగుదాం."

నేను కుట్టుకున్న సాకునే అతను నా చేతికి ఇస్తున్నాడు. దయతో ఇస్తున్నాడు. పుచ్చుకుని బయటికి నడిస్తే ఇద్దరికీ బాగుండేది. నేను కుర్చీలోంచి లేవలేదు.

"బాపు కోసం కాదు తమ్మీ. నువ్వు నాకంటే మంచిగ రాసినవ్. గదే నేను ఓర్వలేకపోయిన. నీ సిన్మ ఆగాల్నని ఊకున్న."

అతను మళ్లీ కూర్చున్నాడు. చాయ్ మాట ఎత్తలేదు. బల్ల మీది కాగితాలు సర్దాడు, సర్దినవే మళ్లీ సర్దాడు. నా గొంతు ఆశ్చర్యంగా తేలికైంది. ఇంకోసారి చెప్పాను.

"తప్పు జేసిన, శ్రీశైలం. తెలిసే జేసిన."