ట్రైలోబైట్‌కు క్యూలైను

ఎమ్మెస్సీ చివరి ఏడాది, తిరుపతిలో మా ఇంటి హాల్లో కంప్యూటర్ ముందు కూర్చుని ఒక ట్రైలోబైట్‌ను నడిపించాలని తంటాలు పడుతున్నాను. డైనోసార్లకన్నా ఎంతో ముందు సముద్రం అడుగున పాకిన జీవి అది. చూడ్డానికి బొద్దింకలా ఉంటుంది, ఇప్పుడు రాళ్ళలో అచ్చుగా మాత్రమే మిగిలింది. శిలాజాల ఫోటోలు చూసి తెర మీద దాని బొమ్మ తయారుచేశాను, వరసగా కాళ్ళు పెట్టాను. నడవమంటే మాత్రం కాళ్ళన్నీ ఒక్కసారే ఎత్తి ఉన్నచోటే కూలబడేది. వారం రోజులుగా ఇదే భాగోతం.

మా నాయనకు తిరుమలలో క్యూలైన్ల దగ్గర ఉద్యోగం. ఆ సాయంత్రం కొండ దిగి వచ్చి, చొక్కా అయినా మార్చకుండా నా వెనక నిలబడ్డాడు.

"ఏం పాపా, అది ఆడే ఎగరతా ఉండాది?"

"నీకు తెలీదులే నాయనా," అని కసిరాను.

"గేటు తీస్తే జనమంతా ఒకేసారి అడుగేస్తారా? ఎనక మొదలైన తోపు ఒకరి నుంచి ఒకరికి ముందుకొస్తాది. దీనిక్కూడా ఎనక కాలు నుంచి మొదలుపెట్టి సూడు."

ఆయనదే తప్పని చూపించాలన్న ఉక్రోషంతో, చివరి కాలు నుంచి మొదలుపెట్టి ఒక్కోదాన్నీ కాస్త ఆలస్యంగా కదిలించాను. కాళ్ళ మీదుగా ఒక అల ముందుకు సాగింది. ట్రైలోబైట్ నడిచింది!

తెర మధ్యకు రాగానే కళ్ళారా చూద్దామని దాన్ని ఆపాను. అంతలో నా భుజం మీదుగా నాయన చెయ్యి ముందుకొచ్చి ఊగింది.

"జరగండి, జరగండి."

కోట్ల ఏళ్ళు రాతిలో కదలకుండా ఉన్నదాన్ని కూడా మా నాయన ఒక్క నిమిషం నిలబడనివ్వలేదు.